పిండి ఎందుకు పొంగలేదు?

మే నెలలో రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి గిన్నె అంచులు దాటి పొర్లుతుంది. అదే పిండి, అదే గిన్నె, అదే చెయ్యి. జనవరిలో మాత్రం ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటుంది. ఇంట్లోనైతే ఆ పూటకు ఉప్మాతో సరిపెట్టుకుంటాం. కాని హబ్సిగూడ, ఉప్పల్, నాచారం వీధుల్లో తెల్లవారకముందే టిఫిన్ బండి పెట్టుకొనేవారికి ఇది చిన్న సంగతి కాదు. పొంగని పిండితో వేసిన ఇడ్లీ రాయిలా ఉంటుంది. తిన్నవాడు మరునాడు రాడు. పిండి పారబోస్తే ఆ రోజు పెట్టుబడి పోయినట్లే. మరి ఆగిపోయిన పిండిని మళ్లీ కదిలించడం ఎలా? ముందు అది ఎందుకు ఆగిందో తెలుసుకోవాలి.

పిండిని పొంగించేది ఎవరు?

బ్రెడ్డు పొంగడానికి ఈస్టు కారణమని మీరు చదివే ఉంటారు. ఇడ్లీపిండి సంగతి వేరు. 1965లో ముఖర్జీ, స్టైన్‌క్రాస్ మొదలైన శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి, ఇందులో ముఖ్యంగా పనిచేసేది ల్యూకోనోస్టాక్ మీసెంటరాయిడిస్ అనే బాక్టీరియా అని తెలియజేశారు. దీనిని మనం కొని తేనక్కరలేదు. మినప్పప్పును అంటిపెట్టుకొని అదే వస్తుంది. పప్పు నానుతున్నప్పుడే దాని సంఖ్య పెరగడం మొదలవుతుంది.

ఈ బాక్టీరియా గ్లూకోజును మూడు పదార్థాలుగా మారుస్తుంది. లెక్క చూడండి: 180 గ్రాముల గ్లూకోజు నుంచి 90 గ్రాముల లాక్టిక్ ఆమ్లం, 46 గ్రాముల ఆల్కహాలు, 44 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వస్తాయి. ఆమ్లం వల్ల పులుపు, వాయువు వల్ల పొంగు. ఆ కొద్దిపాటి ఆల్కహాలు ఉడికేటప్పుడు చాలా మటుకు ఆవిరైపోతుంది. ఒక్క గ్రాము గ్లూకోజు నుంచి గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 135 మిల్లీలీటర్ల వాయువు పుడుతుంది. మినప్పప్పులోని మాంసకృత్తులు, జిగురు పదార్థం కలిసి ఈ వాయువును చిన్నచిన్న బుడగలుగా పట్టి ఉంచుతాయి. కనుక పిండి పొంగాలంటే రెండు పనులు జరగాలి: వాయువు పుట్టాలి, పుట్టిన వాయువు నిలవాలి.

పాశ్చర్ చేసిన పని

ఇటువంటి చిక్కే 1856లో ఫ్రాన్సు దేశంలోని లీల్ నగరంలో వచ్చింది. బీట్‌రూట్ రసం నుంచి ఆల్కహాలు తీసే ఒక కర్మాగారంలో కొన్ని తొట్లు పులిసిపోయి, ఆల్కహాలు రావడం తగ్గింది. యజమాని లూయీ పాశ్చర్‌ను ఆశ్రయించాడు. పాశ్చర్ మంచి తొట్టి రసాన్నీ, చెడిన తొట్టి రసాన్నీ సూక్ష్మదర్శిని కింద పెట్టి పోల్చాడు. మంచి దానిలో గుండ్రని ఈస్టు కణాలు, చెడిన దానిలో సన్నని కడ్డీల వంటి సూక్ష్మజీవులు కనిపించాయి. బీరు తయారుచేసేవారికి కూడా కిణ్వప్రక్రియ నడిమధ్యలో ఆగిపోవడం తెలిసిన బాధే. వారు హైడ్రోమీటరుతో ద్రవం సాంద్రత కొలుస్తారు. చక్కెర ఇంకా మిగిలి ఉన్నా సాంద్రత రోజుల తరబడి తగ్గకపోతే పని ఆగిందన్నమాట. మందు వెయ్యడానికి ముందు రోగమేదో తేల్చుకోవాలి. మనమూ అలాగే చేద్దాం.

నీలి లిట్మస్ చెప్పే జవాబు

పొంగని పిండిలో కొంచెం వేరే గిన్నెలోకి తీసి నీలి లిట్మస్ కాగితం అద్దండి. కాగితం స్పష్టంగా ఎర్రబడితే ఆమ్లం పుట్టిందన్నమాట. అంటే బాక్టీరియా తన పని చేసింది, వాయువు మాత్రం తప్పించుకొంది. పిండి మరీ పలచనైనా, పప్పు తక్కువైనా, నలగక బరకగా ఉన్నా ఇలా జరుగుతుంది. ఎంతసేపు ఆగినా పులుపు పెరుగుతుందే తప్ప పొంగు రాదు. ఆ పిండితో దిబ్బరొట్టె వేసుకోవడం మేలు.

కాగితం రంగు అంతగా మారలేదంటే బాక్టీరియా పని ఇంకా సాగలేదు. దీనికి మొదటి కారణం చలి. జనవరి రాత్రుల్లో హైదరాబాదు ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలకు, ఒక్కొక్కప్పుడు 10 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. సుమారు 10 డిగ్రీలు తగ్గితే ఎంజైముల వేగం సగానికి పడిపోతుంది. బాక్టీరియా చావలేదు, మందగించింది.

చాలామంది ఇక్కడ గిన్నెకు దుప్పటి చుడతారు. దుప్పటి వేడిని పుట్టించదు. ఉన్న వేడిని బయటకు పోకుండా ఆపుతుంది, అంతే. చల్లని పిండికి దుప్పటి చుడితే బయటి వెచ్చదనం లోపలికి రావడం కూడా ఆలస్యమవుతుంది! కాబట్టి ముందు గిన్నెను 35 డిగ్రీల గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, పిండి వెచ్చబడ్డాక దుప్పటి చుట్టండి.

రెండో కారణం అతి వేడి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పినా, మరిగే నీళ్లు పోసినా బాక్టీరియా చాలా మటుకు నశిస్తుంది. అప్పుడు ఎంత వెచ్చగా ఉంచినా ఫలితం ఉండదు. పాలకు తోడు వేసినట్లే, బాగా పొంగిన పాత పిండి రెండు గరిటెలు కలిపి మళ్లీ వెచ్చగా ఉంచాలి.

వంటసోడా వేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. సోడా కూడా కార్బన్ డై ఆక్సైడ్ ఇస్తుంది గాని, క్షారం కావడం వల్ల పులుపును తగ్గిస్తుంది, బి1 విటమినును కూడా పాడుచేస్తుంది. ఇక పిండి మీద రంగురంగుల బూజు కనిపించినా, కుళ్లిన వాసన వచ్చినా ఏ చికిత్సా పనికిరాదు. పారబోయాల్సిందే.

మీరు చేసి చూడండి

ఒకే పిండిని మూడు గాజు గ్లాసుల్లో సగం వరకు పోసి, ఎత్తు గుర్తుకు కాగితపు పట్టీ అంటించండి. ఒకటి వంటింటి గట్టు మీద, ఒకటి గోరువెచ్చని నీటి గిన్నెలో, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టండి. గోరువెచ్చని నీరు చల్లారినప్పుడల్లా మార్చండి. రెండు గంటలకొకసారి పిండి ఎత్తు, ఉష్ణోగ్రత, లిట్మస్ రంగు పట్టికలో రాయండి. మరునాడు ఆ పట్టికను అమ్మకు చూపించి, ఈ చలికాలంలో పిండి గిన్నె ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి.