రెండు నీళ్ల చేప – కొయ్యింగ

ఆష్‌బర్న్ పరిసరాలలో పారే బ్రాడ్ రన్, గూస్ క్రీక్ వాగులు పొటోమాక్ నదిలో కలుస్తాయి. ఆ నది వాషింగ్టన్ నగరం మీదుగా సాగి చెసపీక్ అఖాతాన్ని చేరుతుంది. వేసవి, శరదృతువులలో ఆ అఖాతపు దిగువ భాగంలో వెండివన్నె చేపలు గుంపులుగా సంచరిస్తూ, ఉన్నట్టుండి నీటిపైకి ఎగురుతుంటాయి. అమెరికాలో వీటిని స్ట్రైప్డ్ మల్లెట్ అంటారు. ఏరును ఎదురీదగలిగినా గ్రేట్ ఫాల్స్ జలపాతాన్ని దాటలేవు కనుక ఆష్‌బర్న్ వాగులలో ఇవి కానరావు. అయినా తెలుగువారికి ఇవి పరాయివి కావు. కోస్తా మత్స్యకారులు కొయ్యింగ, కత్తిపరిగె అని పిలిచే చేపకూ వీటికీ శాస్త్రనామం ఒకటే: మ్యూజిల్ సెఫాలస్. ఈ పేరు 1758లో లిన్నేయస్ పెట్టినది.

కొయ్యింగ తల వెడల్పుగా, పైన చదునుగా ఉంటుంది. వీపున ఎడంగా రెండు రెక్కలు. మొదటిదానికి నాలుగు ముళ్లు. కంటిని చాలా వరకు పారదర్శకమైన జిగురు పొర కప్పి ఉంటుంది. మీటరు వరకు పెరగగల చేపే అయినా, సాధారణంగా వలకు చిక్కేవి అందులో సగమే ఉంటాయి.

దీని ఆహారం బురద. అడుగున పేరుకున్న మెత్తని ఒండ్రును నోటితో తీసుకొని, మొప్పలలోని సన్నని ముళ్లతో జల్లెడ పట్టి, నాచునూ, సూక్ష్మజీవులనూ, కుళ్లిన ఆకుల తునకలనూ మింగుతుంది. కోడికి కందనకాయ ఉన్నట్లే దీని కడుపులోనూ దళసరి కండరంతో కూడిన భాగం ఒకటుంది. మింగిన ఇసుక రేణువులే అందులో తిరగలి రాళ్లై ఆహారాన్ని నూరుతాయి. చాలా ఇతర చేపలకు పనికిరాని బురద ఈ విధంగా మాంసంగా మారి, పెద్ద చేపలకూ, పక్షులకూ, మనుషులకూ ఆహారమవుతుంది.

ఇది ఎందుకు ఎగురుతుందన్నదానికి ఒకే సమాధానం లేదు. వేటాడే చేపల నుండి తప్పించుకోవడం ఒక కారణం. ప్రాణవాయువు తక్కువైన నీటిలో, గొంతు పైభాగాన కొంత గాలిని నింపుకోవడానికి ఎగురుతుందని మరొక వివరణ.

కొయ్యింగ బ్రతుకు రెండు నీళ్ల మధ్య సాగుతుంది. ఎదిగిన చేపలు కయ్యలనూ, మొగలనూ వదలి సముద్రంలోకి వెళ్లి గుడ్లు పెడతాయి. ఒక్కొక్క ఆడచేప లక్షల సంఖ్యలో గుడ్లు విడుస్తుంది. మిల్లీమీటరుకు మించని ఆ గుడ్లు లోపలి నూనెబొట్టు వల్ల తేలుతూ, సుమారు రెండు రోజులలో పిల్లలవుతాయి. రెండు సెంటీమీటర్ల పొడవు వచ్చేసరికి ఆ పిల్లలు తీరానికి చేరి, మొగల గుండా లోపలి నీళ్లలోకి ప్రవేశిస్తాయి. మంచినీటినీ, సముద్రాన్ని మించిన ఉప్పునీటినీ తట్టుకోగల శక్తి కొయ్యింగకుంది. తట్టుకోలేనిది ఒక్కటే: మూసుకుపోయిన దారి.

తూర్పు తీరం వెంబడి అలలు నిరంతరం ఇసుకను మోసుకువస్తాయి. ఆంధ్ర తీరాన పులికాట్ సరస్సుకు రాయదొరువు వద్దనున్న ముఖద్వారం ఇలాగే పూడిపోయి, సముద్రపు పోటు లోపలికి అందక మత్స్యకారులు జీవనోపాధికి ఇబ్బంది పడ్డారు. ఒడిశాలోని చిలికా సరస్సు కథ ఇందుకు భిన్నమైన ముగింపు చూపుతుంది. అక్కడ కొయ్యింగను ఖయింగా అంటారు. పాత ముఖద్వారం మేటవేయగా, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. 1999-2000లో 2,000 టన్నులకు లోపే ఉన్న చేపలు, రొయ్యలు, పీతల దిగుబడి 2001-02 నాటికి 10,000 టన్నులు దాటింది.

ఇటీవలి జన్యు పరిశోధనలు మరొక విశేషాన్ని వెల్లడించాయి. ఒకే పేరుతో, ఒకే రూపుతో ప్రపంచమంతటా కనిపించే ఈ చేపలలో నిజానికి పదికి పైగా వేర్వేరు వంశశాఖలు ఉన్నాయి. అందువల్ల చెసపీక్ చేపా, పులికాట్ చేపా ఒకటే అనుకోవడం కంటే జ్ఞాతులనుకోవడమే ఉచితం. ఒక తీరంలో తరిగిపోయిన శాఖను మరొక తీరపు చేపలు వచ్చి భర్తీ చేస్తాయని ఆశించలేము. ఏ తీరపు కొయ్యింగను ఆ తీరంలోనే కాపాడుకోవాలి. అందుకు మొదటి షరతు మొగ తెరిచి ఉండడం.