బరువెంత? బండి ఎవరిది?

కువైట్‌లో మార్చి నెల వచ్చిందంటే ఎడారిలో గుడారాలు విప్పేస్తారు. నవంబరు మధ్యలో మొదలయ్యే క్యాంపుల కాలం మార్చి మధ్యతో సరి. నాలుగు నెలల పాటు జనరేటర్లను, నీళ్ళ ట్యాంకులను, పిల్లల ఇసుక బైకులను లాగిన పెద్ద పెద్ద పికప్పులు ఒక్కసారిగా ఊళ్ళోకి దిగుతాయి. వాటిలో చాలావాటి వెనక అద్దం మీద "అమ్మబడును" అని అరబ్బీలో రాసి, కింద ఒక ఫోను నంబరు ఉంటుంది. ఇక్కడివారు పికప్పును "వనేత్" అంటారు. మనవాళ్ళ నోట్లో కూడా ఆ మాటే నానిపోయింది.

అటువంటి వనేత్ ఒకటి చూసొచ్చి, రాయచోటి వైపు తమ్ముడు ఒకతను ఒక శుక్రవారం నా దగ్గరికొచ్చాడు. ఏసీలు బిగించే కంపెనీలో మెకానిక్కు. "అనా, 2012 మోడలు, ఎనిమిది సిలిండర్లు, ఆరు లీటర్ల ఇంజను. రెండువేల మూడొందలు చెప్తా ఉండాడు. రెండుకిస్తాడు. తీసుకోమంటావా?" అన్నాడు. రెండు వేల దీనార్లంటే అతని ఆరేళ్ళ కూడబెట్టు. ఊళ్ళో గోడలు లేచి ఆగిపోయిన ఇంటికి పడవలసిన స్లాబు అది. షువైఖ్‌లో స్పేరుపార్టుల కొట్టులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న పాపానికి ఇటువంటి ప్రశ్నలు నాకు తరచు వస్తుంటాయి. అతనికి చెప్పినవే కాస్త వరసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. సొంతానికి కొనేవారికీ, కఫీల్ కోసం బండి చూడడానికి వెళ్ళే హౌస్ డ్రైవరు సోదరులకూ ఉపయోగపడవచ్చు.

మొదట, "హెవీ డ్యూటీ" అంటే ఏమిటో చూద్దాం. జీఎంసీ సియెర్రా, షెవ్రొలె సిల్వరాడోలలో 1500 అన్నది మామూలు బండి, 2500 హెచ్‌డి అన్నది బరువు బండి. ఫోర్డులో ఎఫ్-150 మామూలుది, ఎఫ్-250 బరువుది. రామ్‌లో కూడా 1500, 2500 అనే లెక్కే. పైకి రెండూ ఒకేలా కనిపించినా ఛాసిస్, వెనక ఇరుసు, కమాను కట్టలు, బ్రేకులు, గేరుబాక్సు అన్నీ వేరు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అంటించిన స్టిక్కరు మీద బండి, సరుకు, మనుషులు కలిసి ఎంత బరువు దాటకూడదో రాసి ఉంటుంది. 2500 హెచ్‌డి అయితే అది సుమారు 9,500 పౌండ్లు, అంటే 4,300 కిలోలు. అందులో బండి సొంత బరువే 2,800 కిలోల దాకా పోతుంది. మిగిలే టన్నున్నరే మన సరుకు. వెనక ట్రైలరు తగిలిస్తే, ఇరుసు పళ్ళ నిష్పత్తిని బట్టి అయిదారు టన్నులు కూడా లాగగలదు.

కనుక బండి దగ్గరికి వెళ్ళే ముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న, నేను మోసే బరువెంత? మా తమ్ముడితో కాగితం మీద లెక్క వేయించాను. స్ప్లిట్ ఏసీ లోపలి పెట్టె, బయటి పెట్టె కలిసి డెబ్బయి అయిదు కిలోలనుకుంటే, రోజుకి ఆరు సెట్లు నాలుగొందల యాభై. గ్యాసు సిలిండర్లు, నిచ్చెన, పనిముట్లు నూట యాభై. తోడు ఇద్దరు మనుషులు ఇంకో నూట యాభై. మొత్తం ఏడొందల యాభై కిలోలు. ఇది టన్ను మోసే హైలక్స్ పని. మేడమీద పెట్టే పెద్ద ప్యాకేజీ యూనిట్లు నెలకి రెండుసార్లు వస్తాయట. వాటికి ఎలాగూ క్రేను కావాలి, హాఫ్ లారీ అద్దెకి తెచ్చుకుంటే సరిపోతుంది. "మరి చలికాలంలో క్యారవాన్లు లాగుతా అనా" అన్నాడు. అది బరువు బండి చేసే పనే, కాదనను. కాని ఏడాదిలో నాలుగు నెలల పని కోసం పన్నెండు నెలలు ఆ బండిని మేపాలి.

మేపడం అనగానే అందరికీ పెట్రోలు గుర్తొస్తుంది. ఇండియా లెక్కలో ఆ భయం సహజమే గాని, ఇక్కడ దాని పాలు తక్కువ. 2016 సెప్టెంబరు 1న ధరలు పెంచినప్పుడు 91 రకం లీటరు 60 ఫిల్సుల నుంచి 85కి, 95 రకం 65 నుంచి 105కి చేరాయి. 85 ఫిల్సుల లెక్కనే చూడండి. నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకి అయిదు కిలోమీటర్లిచ్చే పెద్ద బండికి మూడొందల లీటర్లు, ఇరవై అయిదున్నర దీనార్లు. పదిచ్చే చిన్న బండికి అందులో సగం. తేడా నెలకి పదమూడు దీనార్లు కూడా లేదు. పెట్రోలు కోసం బండి మానుకోనక్కర లేదు. పెట్రోలు చవక కదా అని కొనేయనూ కూడదు.

ఇంకో మాట. "పెద్ద ఇంజనుకి గట్టి పెట్రోలు" అని 98 పోయించేవాళ్ళున్నారు. అమెరికాలో ఆక్టేను లెక్క వేరు. అక్కడ 87 అని రాసింది ఇక్కడి 91కి దాదాపు సమానం. జీఎం ఆరు లీటర్ల ఇంజనుకి అదే చాలు. రామ్ 6.4 లీటర్ల హెమీకి అక్కడి 89 వాడమంటారు కాబట్టి ఇక్కడ 95 పోస్తే మేలు. అంతకు మించి పోసింది డబ్బు దండగే.

అసలు ఖర్చు బండి గతంలో ఉంటుంది. ఆ గతాన్ని చలికాలం దాచిపెడుతుంది. ఇది ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. రేడియేటరు పని, లోపలి నీళ్ళ వేడిని బయటి గాలికి ఇవ్వడం. ఎంత వేడి ఇవ్వగలదన్నది రెండింటి తేడా మీద ఆధారపడుతుంది. లోపల 100 డిగ్రీలు, బయట ఫిబ్రవరిలో 15 అయితే తేడా 85. జూలైలో బయట 50 ఉంటే తేడా 50. అంటే అదే రేడియేటరు దాదాపు నలభై శాతం శక్తి పోగొట్టుకుంటుంది, అదీ ఏసీ పూర్తిగా పనిచేయవలసిన రోజున. ఈ దేశంలోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైందని ప్రపంచ వాతావరణ సంస్థ కూడా నిర్ధారించింది. సగం పూడిపోయిన రేడియేటరు, పట్టు తప్పిన ఫ్యాను క్లచ్చి మార్చిలో ఏ లోపమూ చూపవు. జూన్‌లో నాలుగో రింగు రోడ్డు మీద ట్రాఫిక్కులో నిలబెట్టి చూపిస్తాయి. గేరుబాక్సు నూనె సంగతీ అంతే. ఓర్చుకునే వేడి దాటాక పెరిగే ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కులు చెప్పే మోటు లెక్క.

అందుకే నా సలహా ఒకటే. ఆగగలిగితే జూలై దాకా ఆగి, మిట్టమధ్యాహ్నం చూడండి. ఏసీ పూర్తిగా పెట్టి ఇరవై నిమిషాలు నిలబెట్టండి. టెంపరేచరు ముల్లు కదులుతుందా, ఏసీ గాలి వేడెక్కుతుందా గమనించండి. ఆ తరవాత అరగంట నడిపి, గేర్లు ఒత్తి పడుతున్నాయో, జారుతున్నాయో చూడండి. అమ్మేవాడు ఆ గంట సేపు ఇవ్వనంటే అదే మీకు జవాబు.

మరికొన్ని చూడవలసినవి చెబుతాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదటి స్టార్టింగు మీ కళ్ళ ముందు జరగాలి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. అప్పటికే వేడిగా ఉంటే ఇంకో రోజు రండి. జీఎం ఆరు లీటర్ల ఇంజన్లలో ఎగ్జాస్టు మానిఫోల్డు చివరి బోల్టులు విరగడం తెలిసిన జబ్బు. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్‌మని, వేడెక్కాక మాయమవుతుంది. ప్రాణానికి ముప్పు లేదు గాని, విరిగిన బోల్టు పీకడానికి కూలి బాగా అవుతుంది. ఫోర్డు 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజనైతే క్యాం ఫేజర్ల చప్పుడు, ప్లగ్గులు విప్పుతుంటే లోపలే విరగడం రెండూ పేరుమోసినవి. 2011 నుంచి ఎఫ్-250లో వచ్చిన 6.2 లీటర్లది దానికంటే చాలా నయం. అయితే సిలిండరుకి రెండు ప్లగ్గుల చొప్పున పదహారు కొనాలి. హెమీకీ పదహారే.

ఎయిర్ ఫిల్టరు తీసి, దాని వెనక గొట్టంలో వేలు పెట్టి తుడవండి. సన్నటి ఇసుక అంటితే అది ఇంజనులోకీ పోయినట్టే. బోటు లాగిన బండి అయితే వెనక చక్రాలు సముద్రపు నీళ్ళలో దిగి ఉంటాయి. బ్రేకు పైపులకు తుప్పు, వెనక డిఫరెన్షియల్ నూనె పాలలా తెల్లబడడం దాని గుర్తులు. టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైనదని. ఎండలో నిలబడ్డ టైరుకి అచ్చులు లోతుగా ఉన్నా, వయసు మీరితే ఒక్కసారిగా పేలుతుంది.

మీటరులో కిలోమీటర్లొక్కటే చూడకండి. ఈ బండ్లలో చాలావాటికి ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు కూడా ఉంటుంది. గుడారం పక్కన, దివానియా బయట ఏసీ కోసం గంటల తరబడి ఆన్‌లో ఉంచడం ఇక్కడి అలవాటు. కిలోమీటర్లను గంటలతో భాగించండి. మా తమ్ముడు చూసిన బండి 1,20,000 కిలోమీటర్లు, 6,000 గంటలు. గంటకి సగటున ఇరవై. అంటే ఎక్కువ కాలం నిలబడే అరిగింది. నిలబడ్డ ఒక గంటను నలభై కిలోమీటర్ల అరుగుదలగా లెక్క కట్టడం వాడుక. ఆ లెక్కన మీటరు చెప్పేదాని కంటే బండి చాలా ముసలిది.

అమెరికా నుంచి వాడిన బండ్లుగా వచ్చినవాటితో ఇంకో చిక్కు ఉంది. వాటి మీటరు మైళ్ళలో తిరుగుతుంది. 90,000 అని కనిపిస్తే అది 1,45,000 కిలోమీటర్లు. అక్కడి మంచు రోడ్ల మీద చల్లే ఉప్పు ఛాసిస్‌ని కింద నుంచి తినేస్తుంది కాబట్టి నేల మీద పడుకుని చూడక తప్పదు. గల్ఫ్ దేశాల కోసం చేసిన బండ్లకు ఇక్కడి వేడికి తగ్గ ఏర్పాట్లుంటాయి, వాటికి అవి ఉండకపోవచ్చు. ఛాసిస్ నంబరులోని పదిహేడు అక్షరాల్లో పదోది మోడలు సంవత్సరం. సి అంటే 2012, డి 2013, ఇ 2014. దఫ్తర్‌లో రాసిన సంవత్సరంతో అది కలవాలి.

దఫ్తర్ మాట వచ్చింది కనుక ఇక రెండో ప్రశ్న, బండి ఎవరిది? ఇది ఇంజను కంటే ముఖ్యం. తమ్ముడి విషయంలో అసలు మెలిక ఇక్కడే బయటపడింది. "బండి కంపెనీ పేరున పెడతారంట అనా. డబ్బు నాది. పని మీద వచ్చేదాంట్లో వాటా ఇస్తామన్నారు" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. దఫ్తర్‌లో ఎవరి పేరుంటే బండి వారిది. రేపు యజమాని మనసు మారినా, కంపెనీ మూతపడినా, ఇఖామా రద్దయి ఇంటికి పంపించినా, ఇతని రెండు వేలకి కాగితం ఏదీ? తన పేరున పెట్టుకుందామా అంటే, కంపెనీ వీసా మీద ఉన్నవాడు సొంతంగా బాడుగలు తోలడం నేరం. ఇంటి వీసా మీద, అంటే 20వ నంబరు ఆర్టికల్ మీద ఉన్న సోదరులకు ఇంకా ప్రమాదం. కఫీల్ దగ్గర తప్ప వేరే పని చేస్తూ దొరికితే దేశం నుంచే పంపించేస్తారు. ఇక స్నేహితుడి పేరున బండి, మన చేతిలో తాళం అనే పద్ధతి ఇద్దరికీ చేటు. కెమెరా జరిమానాలు, ప్రమాదం కేసులు దఫ్తర్‌లో ఉన్న పేరునే వెతుక్కుంటూ వస్తాయి. 2025 ఏప్రిల్ 22 నుంచి అమలైన కొత్త ట్రాఫిక్ చట్టంలో జరిమానాలు బాగా పెరిగాయి కూడా.

కొనేటప్పుడు పాత జరిమానాలన్నీ తీరాయో లేదో, బ్యాంకు అప్పు మిగిలి ఉందో లేదో చూసుకుని, పేరు మారాకే పూర్తి డబ్బు ఇవ్వండి. 2024 అక్టోబరు నుంచి పాత బండ్ల క్రయవిక్రయాల్లో నోట్లు చేతులు మారకూడదు, బ్యాంకు ద్వారానే జరగాలి అన్నారు. మంచిదే అయింది. బ్యాంకు కాగితమే సాక్షి.

ఇంతకీ ఈ బండ్లు ఎవరూ కొనకూడదా? అలా అనను. ఏటా బోటో, క్యారవానో లాగే కుటుంబానికి, వఫ్రా, అబ్దలీ తోటల్లో రోజూ టన్ను దాటి మోసే యజమానికి పాత పెట్రోలు బరువు బండిని మించింది లేదు. మొరటు ఇంజను, ఏ వీధిలోనైనా దొరికే సామాను, తెలిసిన మెకానిక్కులు. చిన్న బండి మీద అంత బరువు వేసి ఏటా క్లచ్చి ప్లేట్లు మార్చుకోవడం కంటే ఇదే నయం. అయితే బరువు రోజూ ఉండాలి, బండి సొంత పేరున ఉండాలి, రిపేర్లకని ధరలో నాలుగో వంతు చేతిలో మిగలాలి. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా ఆగడం మంచిది.

మా తమ్ముడికి మూడూ లేవు. వారం రోజులు నా మీద అలిగాడు. తరవాత ధైర్యం చేసి యజమాని దగ్గరికి వెళ్ళి, "బరువు కంపెనీది కదా, బండి కూడా కంపెనీయే కొంటే నేను బాగా చూసి కొనిపెడతాను" అన్నాడట. యజమాని నవ్వాడట గాని కాదనలేదు. ఆగస్టులో, మధ్యాహ్నం రెండు గంటలకి, మేమిద్దరం చెమటలు కక్కుతూ నాలుగు బండ్లు చూశాం. నాలుగోది ముల్లు కదలకుండా నిలబడింది. కంపెనీ డబ్బుతో, కంపెనీ పేరున కొన్నారు. తోలేది మా తమ్ముడే.

స్లాబు దసరా ముందు పడింది. ఫోటో పంపించాడు. తడి సిమెంటు మీద వాళ్ళమ్మ నిలబడి ఉంది.