గాలిలోని నత్రజని - గుప్పెడు పరమాణువులు

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను నత్రజని చాలక పైరు పసుపువారుట రైతు లందరు నెరిగినదే. గాలిలో దాని పరమాణువులు రెండేసి చొప్పున మూడు బంధములతో పెనవేసికొని యుండును. ఆ ముడిని విప్పు శక్తి పైరునకు లేదు.

జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియా చేసి చూపెను. కార్ల్ బాష్ దానిని పరిశ్రమగా తీర్చిదిద్దగా, 1913లో ఓపావు కర్మాగారమున ఉత్పత్తి ఆరంభమైనది. నేటి యూరియాకును అదియే మూలము. కాని అందులకు 400 డిగ్రీలకు పైబడిన వేడియు, గాలి ఒత్తిడికి నూరు రెట్లు మించిన ఒత్తిడియు కావలెను.

మినుము వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు మాత్రము ఏ కొలిమియు లేకయే ఈ పని సాగించుచున్నవి. వాని ఎంజైములో నత్రజనిని పట్టు తావు ఒక చిన్న గుచ్ఛము: 7 ఇనుప పరమాణువులు, ఒక మాలిబ్డినము, 9 గంధకములు, నడుమ ఒక కర్బనము.

శాస్త్రజ్ఞులును లోహపు గుచ్ఛములను కూర్చుచున్నారు. 25 బంగారు పరమాణువుల గుచ్ఛము వానిలో ప్రసిద్ధము. దాని వెడల్పు సుమారు ఒక నానోమీటరు, అనగా మీటరులో నూరు కోట్లవ వంతు. పెద్ద లోహపు ముక్కలో పరమాణువులు చాలవరకు లోపలనే చిక్కువడి పనికిరాకుండును. గుచ్ఛములో దాదాపు అన్నియు పైననే యుండును. ఒక్క పరమాణువు మార్చినను దాని గుణము మారవచ్చును. ఇట్టి గుచ్ఛములను విద్యుద్ధ్రువముపై పూసి, నీటిలో నుంచి, నత్రజనిని పంపుచు విద్యుత్తును ప్రసరింపజేయుదురు. కావలసిన ఉదజనిని నీరే ఇచ్చును.

చిక్కేమన, విద్యుత్తులో అధికభాగము నత్రజనిని విడిచి, నీటినుండి ఉదజని వాయువును పుట్టించుటకే పోవును. దొరకు అమోనియా అత్యల్పము. మన ఊపిరిలోను, చేతితొడుగులలోను అమోనియా జాడ ఉండును గదా! పరికరములో కనిపించినది నత్రజనినుండి పుట్టినదో, బయటినుండి చేరినదో తెలియుటెట్లు?

డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారును, వారి సహచరులును 2019లో ఇందులకు గట్టి పరీక్షను ప్రకటించిరి. సాధారణ నత్రజని పరమాణుభారము 14. దానికి మారుగా 15 భారము గల నత్రజనిని పంపవలెను. అమోనియాలోను ఆ 15 కనబడవలెను. నీటిలో వారు పరీక్షించిన శుద్ధలోహములు ఈ పరీక్షకు నిలువలేదు. కర్బన ద్రావణిలో లిథియము నిలిచినది. అంతకుముందు వెలువడిన పెక్కు ఫలితములు దీనితో సంశయాస్పదము లైనవి. పేరు పోవునని వెఱవక ఈ మాట చెప్పిన వారిని మెచ్చవలెను.

లోహగుచ్ఛములకును ఇదియే గీటురాయి. పరిశోధకుడు మొదట నత్రజనికి బదులు ఆర్గాన్ వాయువును పంపి చూచును. అప్పుడును అమోనియా కనబడెనా, తన గాజుపాత్రలను మరల కడుగుకొనవలసినదే.