బారామహల్‌లో పాఠం నేర్చిన మన్రో దొర

మహేంద్రమంగళంలోనూ, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాలలోనూ స్థిరపడిన మన తెలుగువారిలో పెద్దలకు సర్ థామస్ మన్రో పేరు తెలిసే ఉంటుంది. రాయలసీమవారు తమ బిడ్డలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకొన్నది ఈయన మీది అభిమానంతోనే. అయితే ఆ దొర రైతు కష్టసుఖాలు మొదట తెలుసుకొన్నది మన ధర్మపురి సీమలోనే అన్న సంగతి పిల్లలకు చెప్పదగినది.

మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించాడు. కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసు చేరుకొన్నాడు. 1792లో శ్రీరంగపట్టణం సంధి వల్ల టిప్పు సుల్తాను ఏలుబడిలోని బారామహల్ కంపెనీ వశమయింది. దాని పాలనకు నియమితుడైన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు సహాయకులలో మన్రో ఒకడు. 1799 వరకు ఇక్కడే పనిచేశాడు.

శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలి? ఇదే అప్పటి పెద్ద ప్రశ్న. బెంగాలులో 1793లో జమీందార్లతో శాశ్వత ఒప్పందం జరిగింది. ఇక్కడ మాత్రం రీడ్, మన్రోలు పొలాలు కొలిపించి, నేరుగా రైతుతోనే లెక్క తేల్చుకొన్నారు. అదే రైత్వారీ పద్ధతికి నాంది.

1800 నుండి 1807 వరకు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాల దత్తమండలాలలో మన్రో ఆ పద్ధతినే అమలు చేశాడు. శిస్తు భారం ఎక్కువగానే ఉండేది. నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే సిఫారసు చేసినా పైవారు వెంటనే ఒప్పుకోలేదు. దళారీ తొలగినంత మాత్రాన రైతు బరువు తీరదు గదా!

1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1822లో గ్రామాల బడుల లెక్క తీయించాడు. రాజధానిలో 12,498 పాఠశాలలున్నట్లు తేలింది. భారతీయులు ఏనాటికైనా తమను తాము పాలించుకోగలగాలని 1824లో వ్రాశాడు. ఆ రోజుల్లో ఒక గవర్నరు నోట ఇది చిన్న మాట కాదు.

1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. చెన్నైలో జీను లేని గుర్రంపై ఆయన విగ్రహం చూడవచ్చు. పరాయి పాలకుడే అయినా, రైతు గడపకు వచ్చి మాట వినడం ధర్మపురిలో నేర్చుకొన్నాడు. పాలించేవారెవరికైనా ఈ పాఠం అవసరమే.