చేపమీది గాయము చెప్పు సాక్ష్యము

గాలమునకు చిక్కిన చేపను ఒడ్డునకు తీసినపుడు దాని యొంటిమీద ఒక గాయమో, మానిన మచ్చయో కనబడుట కలదు. ఏదో కొఱికినదని చాలమంది దానిని విడిచిపెట్టుదురు. కాని యోపికతో చూచినచో ఆ శత్రువెవరో ఊహింపవచ్చును. కొంగ పొడిచినచో వీపున లోతైన పోటు పడును. నీరుకుక్క పట్టినచో కోఱలు దిగి మాంసము చినిగియుండును. పెద్దచేప పట్టి విడిచినచో రెండు ప్రక్కలను పంటిగీతలు వరుసగా నుండును.

ఇట్టి గుర్తులలో మిక్కిలి వింతయైనది ఉత్తర అమెరికాలోని మహాసరస్సులలో ట్రౌట్ చేపలమీద కనబడు గుండ్రని గాయము. అది నాణెమును అద్దినట్లుండి నడుమ రంధ్రము కలిగియుండును. దీనిని చేయునది సముద్రపు లాంప్రే. అది చూచుటకు మలుగుపామువలె నుండును గాని, దానికి దవడలు లేవు. నోరు గుండ్రని గిన్నెవంటిది, లోపల అంతయు ముండ్లవంటి పండ్లు. ఆ నోటితో చేపను అంటిపట్టుకొని, గరుకైన నాలుకతో చర్మమును తొలిచి, నెత్తురు గడ్డకట్టకుండ చేయు ద్రవమును విడిచి, రక్తమును పీల్చును. మన దేశపు నదులలో ఈ ప్రాణి లేదు.

దీని పుట్టిల్లు అట్లాంటిక్ మహాసముద్రము. నయాగరా జలపాతము దాటరాని గోడవలె నుండుటచేత చిరకాలము పై సరస్సులకు దీని బాధ లేకుండెను. ఓడలకొఱకు త్రవ్విన వెలండ్ కాలువ ఆ గోడను చుట్టిపోవు త్రోవ యయ్యెను. 1921లో ఈరీ సరస్సునందును, 1938 నాటికి సుపీరియర్ సరస్సునందును లాంప్రే కనబడెను. ఒక్కొక్కటి తన జీవితములో 40 పౌనుల చేపలను చంపగలదు. పూర్వము పై సరస్సులలో ఏటేట ఇంచుమించు 1 కోటి 50 లక్షల పౌనుల ట్రౌట్ చేపలు పట్టుచుండిరి. 1960వ సంవత్సర ప్రాంతమునకు అది 3 లక్షల పౌనులకు దిగజారెను. ఉపద్రవము ముదిరిన దినములలో, చావక మిగిలిన చేపలలో నూటికి 85 వఱకు ఈ ముద్రను ధరించియుండెను.

చావక మిగిలిన చేపలు అను మాటను గమనింపుడు. గాలమునకు వచ్చునది బ్రదికిన చేపయే. గాయముచేత చచ్చినది అడుగునకు పోవును. దాని సాక్ష్యము మన చేతికి రాదు. కావున మచ్చలు తగ్గినంతమాత్రమున శత్రువు తగ్గెనని చెప్పరాదు, గాయపడినవి చచ్చియుండవచ్చును. మచ్చలు హెచ్చినను శత్రువు హెచ్చెనని తీర్మానింపరాదు. చేపలు తగ్గి, మిగిలిన కొలదివానిమీదనే లాంప్రేలన్నియు పడుచుండవచ్చును. అందుచేత శాస్త్రజ్ఞులు 100 చేపలకు ఎన్ని గాయములో లెక్కించునపుడు, చేపల పొడవును, వాని సంఖ్యను, గ్రుడ్లు పెట్టుటకు ఏఱులకు ఎక్కివచ్చు లాంప్రేల సంఖ్యను గూడ సరిచూతురు. చర్మమును తొలిచిన గాయమును, పైపై గీఱుటను వేఱుపఱచి, పచ్చిదియో మానినదియో కూడ వ్రాసికొందురు. మానిన మచ్చ పాతకథ. పచ్చి గాయమే నేటి వార్త.

ఈ వార్తను వినుటవలన ఫలమేమి? లాంప్రే పిల్లలు ఏఱుల బురదలో కొన్నియేండ్లు దాగి పెరుగును. ఇంచుమించు 6 వేల రసాయనములను పరీక్షించిన పిమ్మట, ఆ పిల్లలను చంపి ఇతర చేపలకు అంతగా హాని చేయని మందు 1957లో దొరకెను. 1955లో ఏర్పడిన మహాసరస్సుల మత్స్యసంఘము ఆ మందును ఏఱులలో వేయించి, లాంప్రేలను చాలవఱకు అణచెను. మందు ఎంతవఱకు పనిచేసెనో చెప్పు సాక్ష్యములలో చేపలమీది గాయము ఒకటి. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాధి కారణముగా ఈ పని కుంటుపడగా లాంప్రేలు మఱల పెరిగెను. కావలి యొక్క యేడు తప్పినను ఈ శత్రువు మఱచిపోదు.

కాబట్టి గాయపడిన చేప దొరకినపుడు దానిని ఏవగించుకొని పాఱవేయక, తేది, స్థలము, చేప పొడవు, గాయపు ఆకారము, అది పచ్చిదియో మానినదియో వ్రాసిపెట్టుట మేలు. ఒక్క చేప చెప్పునది స్వల్పము. నూఱు చేపల మాటలు ఒకచోట చేర్చినపుడు ఒక సరస్సుయొక్క క్షేమసమాచారము తెలియును.