రాజతంత్ర క్రీడకు కథ కూర్చుట

బల్ల చుట్టు నలుగురైదుగురు కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను వహించి, మాటలతోనే కథను నడుపు ఆట యొకటి కలదు. దీనిని మన యువకులు రోల్ ప్లేయింగ్ ఆట యందురు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటతో ఇది ప్రచారమునకు వచ్చినది. ఇందు వేషము లేదు, రంగస్థలము లేదు. పాచికలు, కాగితము, ఊహ, ఇవియే సాధనములు. పరిస్థితులను కల్పించి, ఆటగాండ్రు వహింపని పాత్రలన్నిటి పక్షమున పలుకువానిని మనము సూత్రధారి యనవచ్చును.

భూతముతో యుద్ధము కల్పించుట సూత్రధారికి సులభము. కత్తి తగిలినదో లేదో పాచిక చెప్పును. రాజతంత్రము అట్టిది కాదు. పలువురు సూత్రధారులు ఒక గొప్ప రహస్యమును అల్లి, ఆటగాండ్రను అడుగడుగున దాని వైపు నడిపింప జూతురు. ఆటగాండ్రు మొదటి మలుపుననే వేరు దారి పట్టుదురు, కథ కూలిపోవును. ఇట్టి కథకు రహస్యముకంటె ముందు కావలసినవి మూడు: లెక్క, గడువు, మనుష్యుల కోరికలు. ఈ మూడును ఎట్లు కలియునో తెలియుటకు దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదు తూర్పున, ఉప్పల్‌కు చేరువనున్న నాచారమే చాలును.

1984 ఆగస్టులో ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు అమెరికాలో హృదయ శస్త్రచికిత్స చేయించుకొని తిరిగి వచ్చిరి. ఆ నెల 16వ తేదీన గవర్నరు రామ్‌లాల్ ఆయన మంత్రివర్గమును తొలగించి, నాదెండ్ల భాస్కరరావుచే ముఖ్యమంత్రిగా ప్రమాణము చేయించి, శాసనసభలో బలము చూపుటకు ఒక నెల గడువొసగిరి. రామారావు పక్షమువారు తమ సభ్యులను నాచారములోని రామకృష్ణా స్టూడియోలో ఒక్కచోట నుంచిరి. ఢిల్లీకి తీసికొనిపోయి రాష్ట్రపతి జైల్ సింగ్ ఎదుట నిలిపిరి. పిమ్మట కర్ణాటకమునకు తరలించిరి. నెల తిరుగకముందే గవర్నరు మారెను. సెప్టెంబరు 16న రామారావు మరల ముఖ్యమంత్రి యైరి.

ఇందలి మొదటి పాఠము లెక్క. నాటి శాసనసభలో ఎన్నికతో నిండు స్థానములు 294. సగము దాటుటకు 148 మంది కావలెను. ఈ సంఖ్యను కత్తితో సాధింపలేము, ఒప్పించియే సాధింపవలెను. బల్లమీది ఆటకు ఇంతమంది వలదు. 11 మంది సభ్యులుగల మండలిని కల్పింపుడు. ఇరుపక్షములకును నలుగురు చొప్పున స్థిరముగా నుందురు. మిగిలిన మువ్వురే కథ.

ఆ మువ్వురిలో ప్రతివానికిని ఒక కోరిక, ఒక భయము, ఒక తెలిసిన సంగతి యుండవలెను. ఒకనికి తన ఊరి చెరువు గండి పూడ్పించవలెనని కోరిక. తన అప్పుల సంగతి బయటపడునేమో యని భయము. ఎదుటి పక్షమువారి వాగ్దానపత్రము ఎవరి యింట నున్నదో తెలియును. ఒకామెకు నాయకునిపై విశ్వాసము మెండు. కాని ఆయన తన తమ్మునికి అన్యాయము చేసెనని విన్నది. మూడవవాడు గెలుచువారితో నుండగోరువాడు. గాలి ఎటు వీచుచున్నదో ఇతనిని చూచి ఆటగాండ్రు తెలిసికొందురు.

రెండవది గడువు. అది లేనిచో ఆటగాండ్రు ఆలోచనలతోనే పొద్దుపుచ్చుదురు. నెల దినములను ఆరు ఘట్టములుగా విభజింపుడు. ఆటగాండ్రు ఊరకున్నను, ప్రతి ఘట్టము చివర ఎదుటివారు ఒక అడుగు వేయవలెను: విడిదినుండి ఒక సభ్యుడు కనబడకపోవును, ఒక ఉత్తరము చేరును, ఒక బంధువునకు ఉద్యోగము దొరకును.

ఇక రహస్యముల మాట. ముఖ్యమైన ప్రతిదానికిని మూడు దారులుంచుడు: ఒక సాక్షి, ఒక కాగితము, ఒకరి నోటి తొందరపాటు. ఒకటి తప్పినను మరియొకటి దొరకును. విశాఖదత్తుని ముద్రారాక్షసములో రాక్షసుని ముద్రిక చాణక్యుని చేతికి చిక్కి, కల్పిత లేఖను నిజమనిపించును. చేతులు మారగల వస్తువొకటి యున్నచో కుట్ర కంటికి కనబడును. మరియొక సంగతి: చాణక్యుని గమ్యము రాక్షసుని చంపుట కాదు, అతనిని చంద్రగుప్తునికి మంత్రిగా చేయుట. అట్టి గెలుపునకును మీ కథలో చోటుండవలెను.

స్థలములను దూరదూరముగా నిలుపుడు. 1984లో విడిది నాచారమున, గవర్నరు సోమాజిగూడ రాజభవనమున, లెక్కింపవలసిన సభ మరియొక చోట నుండెను. నడుమ నగరమంతయు కలదు. ఒక సభ్యునికి విడిదినుండి ఉప్పల్ కూడలిదాక పోవలసిన పని కల్పింపుడు. అచ్చట వరంగల్లు బస్సు కొరకు నిలిచిన ఒకడు అతనిని గుర్తుపట్టి, “అయ్యా, నేను మీకు వేసిన ఓటు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నది?” అని అడుగును. దీనికి పాచిక జవాబు చెప్పజాలదు. ఆటగాడే చెప్పవలెను.

రెండు జాగ్రత్తలు. చరిత్రనుండి నిర్మాణమును గ్రహింపుడు గాని పేర్లను మార్చుడు. నిజమైన మనుష్యులకు కల్పిత దోషములు అంటగట్టుట వినోదము కాదు. పాత్రలు ఒకరినొకరు ఎంతవరకు వంచింపవచ్చునో ఆటకు ముందే అందరును ఒప్పుకొనవలెను. ఆట ముగిసిన పిదప మిత్రులు మిత్రులుగానే లేవవలెను గదా!

ముగింపును మాత్రము ముందుగా వ్రాయకుడు. నాటి వివాదమంతయు ఒక్క ప్రశ్న చుట్టు తిరిగినది: బలమును లెక్కింపవలసినది రాజభవనములోనా, శాసనసభలోనా? 1985లో 52వ రాజ్యాంగ సవరణ ఫిరాయింపులకు కళ్లెము వేసినది. 1994లో బొమ్మై కేసున సుప్రీంకోర్టు, మంత్రివర్గ బలమునకు పరీక్షాస్థలము సభయే యని తేల్చినది. మీ మండలికి అట్టి నియమ మింకను ఏర్పడలేదనుకొనుడు. లెక్క ఎచ్చట, ఎవరి ఎదుట జరుగవలెనో ఆటగాండ్రనే వాదించి సాధింపనిండు. ఆ వాదములో వారు ఏ పక్షమున నిలిచినను, సభలో చేతులెత్తి లెక్కించుట ఎందులకో వారికి బోధపడును.