మందుగా మొదలైన ఆట

1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం తెరిచేనాటికి, అలాంటి గాయంతో వచ్చిన సైనికుడు ఎక్కువకాలం బతుకుతాడన్న ఆశ ఎవరికీ ఉండేది కాదు. కదలక పడుకోవడంతో వీపున పడే పుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు వాళ్ల ప్రాణాలు తీసేవి. అక్కడి డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పించారు. ఆ తర్వాత వాళ్లను ఆటల్లోకి దింపారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, ఆసుపత్రి ఆవరణలో 16 మంది విలువిద్యలో పోటీపడ్డారు. నేటి పారాలింపిక్స్‌కు మూలం అదే.

గుట్‌మన్ దృష్టిలో ఆట చికిత్సలో భాగం. నడుము కింద చచ్చుబడిన మనిషి మంచం మీంచి కుర్చీలోకి మారాలన్నా, గుమ్మం దాటాలన్నా భుజాల బలమే ఆధారం. విల్లు లాగితే ఆ బలం వస్తుంది, కూర్చున్నప్పుడు తూలిపోకుండా నిలదొక్కుకోవడం అలవడుతుంది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారి విషయంలో మాత్రం కోచ్ కనిపెట్టుకుని ఉండాలి. గాయానికి దిగువన చెమట సరిగా పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది.

ఒళ్లు గట్టిపడినంత మాత్రాన బతుకు బాగుపడినట్టేనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 26 ప్రశ్నల కొలమానం శరీరంతోపాటు మనసు, అనుబంధాలు, పరిసరాల గురించీ అడుగుతుంది. ఇలాంటి కొలతల్లో ఆటలాడే వికలాంగులు ఆడనివారికంటే మెరుగ్గా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో తేలింది. కానీ ఇక్కడ తొందరపడకూడదు. ఆరోగ్యం, డబ్బు, ప్రయాణ సౌకర్యం ముందే ఉన్నవాళ్లే మైదానం దాకా రాగలిగి ఉండవచ్చు. ఒక్కసారి అడిగి వదిలేసే సర్వే కారణాన్నీ ఫలితాన్నీ విడదీయలేదు.

అనుబంధాల సంగతికి వస్తే, వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ నిబంధన ఒకటి అద్భుతం. వైకల్యం తీవ్రతను బట్టి ఒక్కో ఆటగాడికి 1 నుంచి 4.5 దాకా పాయింట్లు ఇస్తారు. ఎక్కువ కదలగలిగిన వారికి ఎక్కువ పాయింట్లు. అంతర్జాతీయ పోటీల్లో బరిలో ఉన్న అయిదుగురి మొత్తం 14 దాటకూడదు. కాబట్టి ఒక్క పాయింటు ఆటగాడు జట్టుకు కావలసినవాడవుతాడు. జాలితో ఎవరూ అతనికి చోటివ్వనక్కర్లేదు.

ఆటతో బతుకు మారినవారిలో మన దగ్గర వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి ఉంది. మేధోపరమైన వైకల్యంతో పుట్టిన ఆమె చిన్నతనంలో ఊళ్లో హేళనలు ఎదుర్కొంది. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ ఏడాదే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. అవసరానికి అమ్ముకున్న పొలాన్ని ఆ కుటుంబం ఆమె గెలిచిన బహుమతి సొమ్ముతో తిరిగి కొనుక్కుంది.